ఐదుగురు సభ్యుల గేమింగ్ బృందం పర్యావరణం కోసం, అందరికీ అందుబాటు కోసం ఏం చేయగలదు?

ఒంగోలు సమీపంలోని ఇంజనీరింగ్ కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్నామని, మరో నలుగురు మిత్రులతో కలిసి ఒక మొబైల్ ఆట తయారు చేస్తున్నామని రాశారు. వీడియో గేమ్ పరిశ్రమ పర్యావరణానికి హాని తగ్గించుకోవాలనీ, అన్ని రకాల మనుషులకూ చోటివ్వాలనీ పెద్ద సంస్థలు చెబుతున్న మాటలు మీ చెవిన పడ్డాయి. మీలాంటి చిన్న బృందం ఇందులో చేయగలిగేది ఏమైనా ఉందా, దానికి అదనపు ఖర్చు అవుతుందా, రేపు ఉద్యోగాలకు వెళ్ళినప్పుడు అది అక్కరకు వస్తుందా అన్నవి మీ మూడు సందేహాలు.

చేయగలిగింది చాలా ఉంది. అందులో ఎక్కువ భాగానికి పైసా ఖర్చు లేదు, అయితే ఆట రూపురేఖలు తేలుతున్న తొలి వారాల్లోనే చేయాలి. మీ జిల్లాలో ఒక సామాన్య కుటుంబంలో ఇంటిల్లిపాదీ పంచుకుంటున్న నాలుగైదేళ్ళ నాటి ఫోను మీద, ఒక చేత్తో, తెలుగులో, నెట్ లేకపోయినా మీ ఆట హాయిగా ఆడగలిగితే మీరు అడిగిన రెండు పనుల్లోనూ ముప్పాతిక భాగం పూర్తయినట్టే. ఈ రెండూ వేర్వేరు బాధ్యతలని, ఒకదానికి ఒక విభాగం మరోదానికి ఇంకో విభాగం ఉండాలని పెద్ద సంస్థలు అనుకుంటాయి. చిన్న బృందానికి ఇవి రెండూ ఒకే పని. ఎందుకో వివరిస్తాను. నేను హైదరాబాదులో కొన్నేళ్ళు మొబైల్ ఆటల పనితీరును మెరుగుపరిచే పనిలో ఉండి, ఆ తరువాత నెల్లూరు వచ్చి ఒక చిన్న బృందాన్ని నడుపుతున్నాను కాబట్టి, నా అనుభవం ప్రధానంగా ఫోను ఆటలకు సంబంధించినదని ముందే గమనించండి.

మొదట కర్బనం లెక్క చూద్దాం. గేమింగ్ కోసం కట్టుకున్న డెస్క్‌టాప్ కంప్యూటరు, మానిటరు కలిపి 400 వాట్లు తీసుకుంటాయనుకుంటే, రోజుకు మూడు గంటలు ఆడినవారు 1.2 యూనిట్లు ఖర్చు చేస్తారు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఆ లెక్కన ఏడాదికి 300 కిలోలు దాటుతుంది. ఈ కర్బనం ఎక్కడి నుంచి వస్తుందో నెల్లూరు జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. కృష్ణపట్నం రేవులో దిగే బొగ్గునూ, పక్కనే నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం పొగ గొట్టాలనూ చూస్తూనే ఉన్నాం. అమెరికాలో ఆటల కోసం ఏటా దాదాపు 3,400 కోట్ల యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతోందని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన ఇవాన్ మిల్స్, ఆయన సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది.

ఇక ఫోను సంగతి పూర్తిగా వేరు. బరువైన ఆట నడిచేటప్పుడు కూడా ఫోను తీసుకునేది మూడు నుంచి ఐదు వాట్లు. అదే మూడు గంటలు రోజూ ఆడినా ఏడాదికి నాలుగైదు యూనిట్లు, అంటే మూడు కిలోల కర్బనం. ఇది చూసి "మా ఆట వల్ల నష్టమేమీ లేదు" అనుకోవడానికి వీలు లేదు, ఎందుకంటే ఫోను విషయంలో అసలు భారం తయారీలో ఉంటుంది. ఆపిల్ సంస్థ తన ఫోన్లపై ప్రచురించే పర్యావరణ నివేదికల్లో ఒక ఫోను జీవితకాలపు కర్బనంలో సుమారు 80 శాతం తయారీ దశలోనే వెలువడుతుందని చూపుతుంది. ఆ తయారీ భారం పదుల కిలోలలో ఉంటుంది. కాబట్టి మీ ఆట కోసం ఎవరైనా ఇంకా పనిచేస్తున్న ఫోనును పక్కన పడేసి కొత్తది కొంటే, మీరు ఆట నడకలో పొదుపు చేసిన విద్యుత్తంతా ఆ ఒక్క కొనుగోలులో కొట్టుకుపోతుంది. పాత ఫోను మరో ఏడాది పనికొచ్చేలా చేయడమే మొబైల్ ఆట తయారీదారు పర్యావరణానికి చేయగల అతి పెద్ద మేలు అని నేను నమ్ముతాను, మిగిలినవన్నీ దాని తరువాతే వస్తాయి.

పాత ఫోను మీద ఆట నడవాలంటే మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది ఫ్రేమ్ రేటు, అంటే తెర మీది బొమ్మను ఫోను సెకనుకు ఎన్నిసార్లు గీస్తుందో ఆ లెక్క. యూనిటీ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేరులో (ఇలాంటిదాన్నే ఇంజన్ అంటారు) మొబైల్ బిల్డ్, అంటే ఫోనులో నడిచేలా కూర్చిన ఆట, సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములకే పరిమితమై ఉంటుంది, కానీ నేర్చుకునేవారు చూసే వీడియో పాఠాల్లో చాలావరకు దాన్ని 60కి పెంచమనే చెబుతాయి. పరుగు పందెం ఆటకో, పోరాటానికో 60 అవసరం కావచ్చు. పజిల్‌కు, పేకముక్కల ఆటకు, కథ చదివే తెరకు, ముఖ్యంగా మెనూ తెరకు దాని అవసరం ఏమిటి? ఆటగాడు ఆలోచించుకుంటూ తెరను ముట్టుకోకుండా కూర్చున్నప్పుడు కూడా అదే బొమ్మను సెకనుకు అరవైసార్లు మళ్ళీ గీయడం శుద్ధ దండగ. గోడో ఇంజన్‌లో తెర మీద మార్పు ఉన్నప్పుడు మాత్రమే తిరిగి గీసే తక్కువ ప్రాసెసర్ వినియోగపు అమరిక ఉంది. యూనిటీలో కూడా అవసరం మేరకు గీసే సౌకర్యం 2019 నుంచి ఉంది. ఒక్క టిక్కు పెట్టడం, నాలుగు వరుసల కోడు రాయడం తప్ప దీనికి వేరే శ్రమ లేదు.

రెండోది వేడి. దీని గురించి బెంగళూరు ఏసీ గదుల్లో పనిచేసేవారికి పెద్దగా పట్టదు గానీ మనకు పట్టి తీరాలి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, రేకుల ఇంట్లో కూర్చున్న పిల్లవాడి చేతిలో ఫోను ఆట మొదలుపెట్టకముందే వేడిగా ఉంటుంది. ఆపైన బరువైన ఆట పెడితే ఫోను తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసరు వేగాన్ని తగ్గిస్తుంది, ఆట నత్తనడక నడుస్తుంది, తెర వెలుగు మందగిస్తుంది, బ్యాటరీ వయసు తరిగిపోతుంది. లిథియం బ్యాటరీకి వేడిని మించిన శత్రువు లేదు. ఆఫీసులో సాఫీగా నడిచిన బిల్డు మే నెలలో ఒంగోలు బస్టాండులో పది నిమిషాలకే మొరాయించడం నేను ఎన్నోసార్లు చూశాను, అందుకే మా బృందంలో వేసవి పరీక్ష అని ప్రత్యేకంగా ఒకటి పెట్టుకున్నాం: ఫ్యాను ఆపేసిన గదిలో, మధ్యాహ్నం పూట, తొడుగు తీయకుండా అరగంట ఆడి చూస్తాం. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోను ఎంత వేడెక్కిందో ఆట అడిగి తెలుసుకునే వీలుంది కాబట్టి, వేడి ఒక స్థాయి దాటగానే నీడలు, పొగ, నీటి మెరుపులు వంటివి వాటంతటవే తగ్గేలా రాసుకోండి. ఆటగాడు గమనించను కూడా గమనించడు.

మూడోది పరిమాణం. యాప్ పరిమాణం 6 మెగాబైట్లు పెరిగిన ప్రతిసారీ ఇన్‌స్టాల్ చేసుకునేవారు ఒక శాతం చొప్పున తగ్గుతున్నారని గూగుల్ ప్లే బృందం 2017లో ప్రచురించింది. అది వ్యాపార కోణం. ఇంకో కోణమేమిటంటే, రోజుకు ఒకటిన్నర జీబీ రీఛార్జితో ఇంట్లో చదువూ, కబుర్లూ, వినోదమూ గడవాల్సిన కుటుంబంలో మీ ఆట వారం వారం 400 మెగాబైట్ల అప్‌డేటు అడిగితే, ఆ ఇంటి నుంచి మిమ్మల్ని తీసేసినట్టే. బొమ్మలను ఏఎస్‌టీసీ (ASTC) అనే పద్ధతిలో కుదించండి, వాడని ఫైళ్ళను బిల్డులోంచి తీసేయండి, అప్‌డేట్లను చిన్న ముక్కలుగా పంపండి. ఇక్కడ ఇంతకంటే చెప్పనక్కరలేదు, మీ ఇంజన్ పత్రాల్లోనే అంతా ఉంది.

పెద్ద సంస్థలు చేస్తున్నదంతా బూటకమని మాత్రం అనను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం తోడ్పాటుతో 2019 సెప్టెంబరులో ప్లేయింగ్ ఫర్ ది ప్లానెట్ అనే కూటమి ఏర్పడింది. సోనీ, మైక్రోసాఫ్ట్, యూబీసాఫ్ట్ వంటివి అందులో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ టీవీకి తగిలించి ఆడే తన ఎక్స్‌బాక్స్ యంత్రాలను (కన్సోళ్ళను) నిద్రావస్థలో వదిలేయడానికి బదులు పూర్తిగా ఆపే స్థితినే ముందస్తు అమరికగా చేసింది. నిద్రావస్థలో 10 నుంచి 15 వాట్లు తీసుకునే యంత్రం ఆపిన స్థితిలో అర వాటే తీసుకుంటుంది. లక్షల ఇళ్ళలో ఎవరూ మార్చుకోని ఒక అమరికను ముందే మంచి వైపు పెట్టి ఉంచడం వంద మొక్కలు నాటిన ఫోటోల కంటే విలువైన పని అని నా అభిప్రాయం. ఆ సూత్రం మీకూ వర్తిస్తుంది: పొదుపు అమరికను సెట్టింగుల్లో ఎక్కడో అడుగున దాచి ఆటగాడిని వెతుక్కోమనకండి, పొదుపుగానే మొదలుపెట్టి, కావలసినవారిని నాణ్యత పెంచుకోనివ్వండి. అయితే ఈ రంగంలోని పెద్ద సంస్థలు చాలావరకు కొన్నేళ్ళకోసారి కొత్త కన్సోలు, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిపించే వ్యాపారం మీదే నిలబడ్డాయన్నది కూడా మరువకూడదు. ఆ విషయం మీద వారు పెద్దగా నోరు మెదపరు.

ఇప్పుడు అందరికీ అందుబాటు అన్న విషయానికి వద్దాం. ఇక్కడ మీ ప్రాంతమే మీకు పాఠశాల. కనిగిరి, పొదిలి వైపు తాగునీటిలో ఫ్లోరైడు తరతరాలుగా మనుషుల ఎముకలనూ, కీళ్ళనూ ఎలా బిగదీసిందో మీరు వినే ఉంటారు. మా బృందంలోని ఒకరి బంధువు, ఆ ప్రాంతపు నడివయసు మనిషి, మా పజిల్ ఆటను ఆడుతుండగా చూశాను. ముక్కను తిప్పడానికి రెండు వేళ్ళతో మెలిపెట్టే పద్ధతిని మేము పెట్టాం. ఆయన వేళ్ళు అలా వంగవు. ఫోనును మంచంపట్టె మీద ఆనించి, చూపుడువేలి కణుపుతో తాకుతూ, ముక్క తిరగకపోతే ఎక్కడైనా తాకితే తిరుగుతుందేమోనని తెరంతా తడుముతున్నారు. ఒక్కసారి తాకితే పావు చుట్టు తిరిగేలా మార్చడానికి మా ప్రోగ్రామరుకు ఒక పూట కూడా పట్టలేదు. ఆ మార్పు తరువాత మాకు అందిన మెచ్చుకోళ్ళలో ఎక్కువ భాగం కీళ్ళ నొప్పులున్నవారి నుంచి కాక, చంకలో బిడ్డతో ఒక చేత్తో ఆడే తల్లుల నుంచి, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఆడే ఉద్యోగుల నుంచి వచ్చాయి.

ఈ రంగంలో ప్రపంచమంతటా చాలా పని జరిగింది, చూసి నేర్చుకోవాల్సింది ఉంది. మైక్రోసాఫ్ట్ 2018లో శారీరక వైకల్యం ఉన్నవారి కోసం అడాప్టివ్ కంట్రోలరును, సోనీ 2023లో యాక్సెస్ కంట్రోలరును తెచ్చాయి. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో చూపు లేనివారు సైతం ఆట పూర్తి చేయగలిగేలా అరవైకి పైగా సౌలభ్య అమరికలు ఉన్నాయి. కానీ ఆ కంట్రోలరు, ఆ కన్సోలు కొనగల కుటుంబాలు మన చుట్టుపక్కల ఎన్ని ఉంటాయి? మన దగ్గర అందుబాటు అంటే ఉన్న ఫోనులోనే, ఉన్న వేళ్ళతోనే జరగాలి. తాకే బొత్తాములు కనీసం ఆండ్రాయిడ్ సూచించే 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) పరిమాణంలో ఉండాలి. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి, ఎండలో తెర చూసేవారికి అది ఇంకా ఎక్కువ కావాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా పట్టలేనివారు మగవారిలో ఎక్కువ కాబట్టి, రాళ్ళు జతచేసే ఆటల్లో రంగుతోపాటు ఆకారం కూడా మార్చండి. తెర సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదు, మూర్ఛ వ్యాధి ఉన్నవారికి అది ప్రమాదం. గబగబా పదేపదే తాకాల్సిన చోట నొక్కి పట్టుకునే వెసులుబాటు ఇవ్వండి. శబ్దం ద్వారా చెప్పే ప్రతి సంగతీ తెర మీద కూడా కనబడాలి. మన ఇళ్ళలో చాలామంది ఆటలు శబ్దం ఆపేసే ఆడతారు, పక్కన ఎవరో నిద్రపోతుంటారు. చూపు లేనివారికి ఫోను తెరను చదివి వినిపించే సౌకర్యంతో ఆటను కలపడం ఒకప్పుడు చిన్న బృందాల తలకు మించిన పని, ఇప్పుడు యూనిటీ కొత్త వెర్షన్లలోనూ, 2025లో వచ్చిన గోడో 4.5లోనూ దానికి ఏర్పాటు ఉంది. కనీసం మెనూల వరకైనా వాడండి.

తెలుగు విషయంలో మాత్రం ఇంజన్ ఎంపిక రోజునే జాగ్రత్త పడండి. ఇది నేను అందరికీ చెప్పే సలహా, వినేవారు తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చితే సరిపోతుంది, తెలుగుకు గుణింతాలు, వత్తులు కూర్చే ప్రత్యేక యంత్రాంగం కావాలి. అన్‌రియల్ ఇంజన్‌లో, గోడో 4లో హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది. యూనిటీలో తెర మీద అక్షరాలు చూపడానికి చాలామంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రోకు ఆ శక్తి లేదు. అందులో 'స్త్రీ' అని రాస్తే మూడు అక్షరాలు విడివిడిగా పొల్లులతో నిలబడతాయి, 'రాష్ట్రం' చదవడానికి వీల్లేకుండా విరిగిపోతుంది. లక్ష్మి, రాష్ట్రం, జ్ఞాపకం, స్త్రీ అనే నాలుగు మాటలు మీ తెర మీద సరిగా పడితే మిగిలిన తెలుగంతా దాదాపు సరిగానే పడుతుంది, ముందు వాటితో పరీక్షించండి.

ఇలా విరిగినప్పుడు చాలా బృందాలు చేసే పని, తెలుగు మాటలను బొమ్మలుగా మార్చి అతికించడం. అది చూడటానికి బాగుంటుంది గానీ, చూపు మందగించినవారు అక్షరాలను పెద్దవి చేసుకోలేరు, చదివి వినిపించే సౌకర్యం ఆ బొమ్మను చదవలేదు, ప్రతి మాటా ఒక ఫైలై ఆట బరువు పెరుగుతుంది, ఒక అక్షర దోషం దిద్దాలన్నా కొత్త బిల్డు పంపాలి. అందుబాటూ పోయింది, పొదుపూ పోయింది. దానికంటే యూనిటీలో తెలుగు కూర్చగల వేరే ప్లగిన్ (ఇంజన్‌కు తగిలించే అదనపు భాగం) వాడటమో, ఇంజన్ మార్చడమో మేలు. మరో చిన్న మాట: తెలుగులో గుడి పైకి, వత్తు కిందికి పోతాయి కాబట్టి ఇంగ్లీషు కోసం కొలిచిన బొత్తాములో అవి తెగిపోతాయి. మా పనిలో తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యం కంటే ఎక్కువ చోటు అడుగుతుందన్నది నిత్యానుభవం. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత ఖతులు (ఫాంట్లు) చిన్న తెర మీద కూడా బాగా చదవబడతాయి. అలంకారపు ఖతులు శీర్షికకే ఉంచండి.

చదవడం రానివారి కోసం మాటలను వినిపించండి. ఒక మనిషి గొంతును ఒకే చానల్‌లో సెకనుకు 32 కిలోబిట్ల వేగంతో కుదిస్తే నిమిషం మాట పావు మెగాబైటుకు మించదు కాబట్టి, ఇది పరిమాణానికి పెద్ద భారం కాదు. గొంతుల దగ్గర నాకొక పట్టింపు ఉంది: నెల్లూరు, ప్రకాశం యాసలో మాట్లాడే పాత్ర ఎప్పుడూ వంటవాడో, దొంగో, నవ్వులపాలయ్యేవాడో అయి, కథానాయకుడు మాత్రం టీవీ వార్తల భాషలో మాట్లాడితే అది మన ఊళ్ళోనే మన పిల్లలను కించపరచడం అవుతుంది. అడవిలో ఉండేవారిని శత్రువులుగా చూపే పాత అలవాటు కూడా అలాంటిదే. నెల్లూరులో యానాదులు, నల్లమల వైపు చెంచులు ఉన్న చోట కూర్చుని ఆ బొమ్మ గీసేముందు ఒకసారి ఆలోచించండి, వీలైతే ఆ సమాజపు మనిషికి చూపించండి.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. మన ఇళ్ళలో చాలామంది అమ్మాయిలకు సొంత ఫోను ఉండదు, అమ్మదో అన్నదో దొరికిన పది నిమిషాల్లో ఆడతారు. ఆ ఫోనుకు మధ్యలో పిలుపు వస్తుంది, ఎవరో అడిగి తీసుకుంటారు, లేదా ఛార్జింగు అయిపోతుంది. కాబట్టి ప్రతి అడుగు తరువాతా ఆట ఎక్కడిదాకా వచ్చిందో దానంతటదే భద్రం (సేవ్) కావాలి, ఒకే ఫోనులో ఇద్దరు ముగ్గురి ఆటలు విడివిడిగా ఉండే వీలుండాలి, "రోజూ రాకపోతే బహుమతి పోతుంది" అనే బెదిరింపు ఉండకూడదు. ఆ బెదిరింపు సొంత ఫోను ఉన్న అబ్బాయికి చిరాకు, అమ్మాయికి ఆట నుంచి వెలివేత. ఇక బృందంగా ఆడే ఆటల్లో గొంతు విప్పగానే అమ్మాయి అని తెలిసి వేధించడం మీకు తెలియనిది కాదు. దీనికి నాకు నచ్చిన పరిష్కారం 2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్‌లోని సైగల పద్ధతి: మాట్లాడకుండానే, ఒక బొత్తాముతో శత్రువు ఎక్కడున్నాడో, ఏ వస్తువు ఎక్కడుందో జట్టుకు చూపించవచ్చు. దానికి సంబంధించిన పేటెంటును ఎవరైనా వాడుకోవచ్చని ఆ ఆటను ప్రచురించే ఈఏ సంస్థ 2021లో ప్రకటించింది కూడా. గొంతు వినిపించనక్కరలేదు, వినికిడి లేనివారూ ఆడవచ్చు, తెలుగు పిల్లవాడు తమిళ పిల్లవాడితో జట్టు కట్టవచ్చు, పైగా డేటా ఖర్చు చాలా తక్కువ. తొలి ఆటలో బహిరంగ వాయిస్ చాట్ పెట్టవద్దనే నా సలహా, ఎందుకంటే దాన్ని కాపలా కాయడానికి ఐదుగురు చాలరు.

డబ్బు సంపాదించే పద్ధతిలో కూడా ఆటగాళ్ళ పట్ల బాధ్యత ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకృత అనుమతి కావాలి, వారి కదలికలు గమనించి ప్రకటనలు గురిపెట్టడం నిషిద్ధం. అదే ఏడాది కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ వినియోగదారుడిని మభ్యపెట్టే 13 రకాల డిజైన్ పోకడలను గుర్తించి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి తెచ్చుకుని, ఆటలో వస్తువులు అమ్మే మీ దుకాణం తెరతో పోల్చుకుంటూ చదవండి. పందెం డబ్బు ఆటల వైపు అసలు చూడకండి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే వాటిని నిషేధించింది, 2025లో కేంద్ర చట్టం దేశమంతటా నిలిపివేసింది. ఆ రంగం మీద ఆశలు పెట్టుకుని చేరినవారెందరో ఉన్నపళంగా రోడ్డున పడ్డారు.

మనుషులు నిలవని పరిశ్రమను పర్యావరణ హితమైనదని పిలవడం నాకు ఒప్పుదల కాదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని, యూనిటీ 1,800 మందిని తొలగించాయి. యాక్టివిజన్ బ్లిజార్డ్‌లో మహిళల పట్ల వివక్షపై కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ 2021లో వేసిన దావా 2023 డిసెంబరులో సుమారు 5.4 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. ఇవి దూరపు కథలు కావు. నేను పనిచేసిన ఒక స్టూడియోలో విడుదలకు ముందు నెలల్లో రాత్రి పదకొండు దాకా కూర్చోవడం ఆనవాయితీగా ఉండేది. అప్పుడు ముందుగా తప్పుకున్నవారు పసిపిల్లల తల్లులు, ముసలి తల్లిదండ్రులను చూసుకోవాల్సినవారు, రాత్రి హాస్టలు తలుపు మూసేలోగా చేరుకోవాల్సిన అమ్మాయిలు. పని రానివారు ఒక్కరూ వెళ్ళలేదు. మిగిలిన మేమంతా ఒకే రకం మనుషులం కావడంతో మా ఆట కూడా మాలాంటివారికే నచ్చేలా తయారైంది.

ఐదుగురే ఉన్న మీరు ఈ విషయంలో ఇప్పుడే ఒక మాట అనుకోండి: ఫలానా గంట తరువాత పని లేదు, గడువు దగ్గరపడితే గంటలు పెంచకుండా ఆటలో ఒక భాగాన్ని తగ్గిస్తాం. రేపు ఎవరినైనా ఇంటర్న్‌గా తీసుకుంటే ఎంత చిన్నదైనా స్టైపెండు ఇవ్వండి, ఊరి నుంచే పని చేయనివ్వండి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు బెంగళూరులో పీజీ అద్దె కట్టుకుని వెళ్ళగలిగేది ఇంట్లో వెసులుబాటు ఉన్న పిల్లలే కాబట్టి, పరిశ్రమలో ఎవరుండాలో అక్కడే తేలిపోతోంది.

ఒకే ఇంజన్ మీద పూర్తిగా ఆధారపడటం గురించి కూడా ఒక హెచ్చరిక. ఇన్‌స్టాల్‌కు ఇంత అని రుసుము వసూలు చేస్తామని యూనిటీ 2023 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు చిన్న బృందాలు ఎంత బెంబేలెత్తాయో నాకు గుర్తుంది. ఏడాది తరువాత ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు గానీ నమ్మకం పూర్తిగా తిరిగి రాలేదు. బొమ్మలు, శబ్దాలు, కథ, నియమాల పట్టికలను ఏ ఇంజన్‌కైనా పనికొచ్చే మామూలు ఫైళ్ళలో దాచుకోండి.

అలాగే, సర్వరు (నెట్ ద్వారా ఆటను నడిపే దూరపు కంప్యూటరు) లేకుండా నడవగల ఆటను సర్వరుకు కట్టేయకండి. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆటను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసినప్పుడు, డబ్బు పెట్టి కొన్నవారికి కూడా ఏమీ మిగల్లేదు. దాని మీద పుట్టిన ఉద్యమానికి ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. సర్వరు లేని ఆటకు నెలవారీ బిల్లు లేదు, రాత్రింబవళ్ళు తిరిగే యంత్రం లేదు, సిగ్నలు అందని పల్లెలోనూ ఆడవచ్చు. చిన్న బృందం డబ్బు ఇబ్బందుల్లో పడినా ఆట బతికే ఉంటుంది.

మీ రెండో సందేహానికి, అంటే ఖర్చుకు, సమాధానం ఇప్పటికే వచ్చేసింది: ముందుగా చేస్తే గంటలు, చివర్లో చేస్తే నెలలు పడుతుంది. రంగుల పట్టిక, బొత్తాముల పరిమాణం, తెలుగు కూర్పు, ఆట దానంతటదే సేవ్ కావడం, ఈ నాలుగూ ఆట సగం పూర్తయ్యాక మార్చడం నరకం. పోతే కొన్ని విషయాలు చిన్న బృందానికి నిజంగానే భారం. ఆట మొత్తాన్నీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సౌకర్యం, సైగల భాష వీడియోలు, పది భాషల అనువాదం వంటివి ఇప్పుడే నెత్తిన పెట్టుకోవద్దు. ఏవి చేయలేదో మీ స్టోరు పేజీలో నిజాయితీగా రాయండి, దానివల్ల కొనేవారి సమయం మిగులుతుంది. అలాగే కర్బన సమతుల్య ఆట అని పోస్టరు మీద వేసుకోకండి. కొలవకుండా చేసే ఆ ప్రకటనలు ఇప్పటికే ఎక్కువైపోయాయి.

ఉద్యోగం విషయానికొస్తే, తప్పకుండా పనికొస్తుంది, అయితే ఇంటర్వ్యూలో ఆదర్శాలు వల్లిస్తే ఎవరూ వినరు. ఆటల్లోని సంభాషణ సౌకర్యాలు వైకల్యం ఉన్నవారికి అందుబాటులో ఉండాలన్న అమెరికా చట్టపు నిబంధన నుంచి గేమ్ పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపు 2018 చివరితో ముగిసింది, కాబట్టి విదేశీ సంస్థలకు పనిచేసే స్టూడియోలకు ఇది తెలిసినవారు కావాలి. పాత ఫోను మీద ఆటను సాఫీగా నడిపించగలిగినవారికైతే ఎప్పుడూ గిరాకీయే. మీ ఆటతోపాటు ఒక పేజీ పత్రం తయారు చేయండి: ఏ ఫోను, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్, ఎంత ర్యామ్, అరగంట ఆటకు ఎంత శాతం బ్యాటరీ పోయింది, ఎంత వేడెక్కింది, ఇన్‌స్టాల్ పరిమాణం ఎంత, శబ్దం లేకుండా ఆడవచ్చా, ఒక చేత్తో ఆడవచ్చా, తెలుగు సరిగా పడుతోందా. మొదటి బిల్డుకు, చివరి బిల్డుకు ఆ అంకెలు పక్కపక్కన ఉండాలి. నేను మనుషులను తీసుకునేటప్పుడు అలాంటి పత్రం తెచ్చినవారిని ముందు పిలుస్తాను.

ఆ పరీక్షకు ఫోను కొత్తది కొనకండి. ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా సెకండ్ హ్యాండు మొబైల్ దుకాణాల్లో 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్లు తక్కువ ధరకు దొరుకుతాయి. తెర అంచున పగులున్నా ఫరవాలేదు, ధర ఇంకా తగ్గుతుంది. ఉబ్బిన బ్యాటరీ ఉన్నది మాత్రం ముట్టుకోవద్దు. మిగతా ఏ ఫోనైనా బ్యాటరీ మార్పించకుండా ఉన్నది ఉన్నట్టే తెచ్చుకోండి, ఎందుకంటే మీ ఆట ఆడబోయేవారి ఫోన్లలోనూ ఉండేది ఆ అరిగిన బ్యాటరీయే.